బూట్లతో ఆడిన ఫైనల్

నాకౌట్‌లో కప్పు గెలిచిన జట్టే అన్నిటిలోకీ మంచి జట్టా అని మొన్న ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. అతనిది కూడా నేను చేసిన ఉద్యోగమే, కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. రిటైరైన మనిషిని కదా, తీరిగ్గా కూర్చోబెట్టి నాలుగు మంచి ముక్కలు చెబుతానని ఆశపడ్డాడు పాపం. కాదు అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను. ఎందుకు కాదో చెప్పాలంటే ఒక పిల్లవాడి మోకాలి గురించి చెప్పాలి. అది గుమ్మం దగ్గర నిలబడి చెప్పుకునే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగంలోకి రాబోయేవాళ్ళు ఓపిక ఉంటే చదవండి.

నేను నెల్లూరులో ఆ కాలేజీకి వచ్చింది యాభైల చివర్లో. మద్రాసులో ట్రైనింగు ముగించుకుని నేరుగా అక్కడే చేరాను. ఆ రోజుల్లో ఫిజికల్ డైరెక్టరంటే స్టాఫ్‌రూములో చివరి కుర్చీ. మమ్మల్ని డ్రిల్లు సార్ అనేవాళ్ళు. వార్షికోత్సవానికి బెంచీలు మోయించడం, జెండా పండగకు పిల్లల్ని వరుసలో నిలబెట్టడం, గ్రౌండులోకి వచ్చే మేకల్ని తోలించడం మా పనులు. బుట్టలో బంతి వెయ్యడానికి కాలేజీ ఎందుకయ్యా అని ఒక పెద్దమనిషి నన్ను నిలబెట్టి అడిగాడు. ఆయన కొడుకు మా జట్టులో ఆడేవాడు.

మా బాస్కెట్‌బాల్ కోర్టు మట్టిది. బంకమన్ను, ఇసుక కలిపి పరిచి, నీళ్ళు చల్లి, రోలరు తొక్కించిన నేల. టౌను పిల్లలు కొందరు కాన్వాసు బూట్లతో ఆడేవాళ్ళు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు వట్టికాళ్ళతోనే ఆడేవాళ్ళు. దాన్ని ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. నిజానికి తడి ఆరీ ఆరని మట్టి మీద వట్టికాలే నయం. వేళ్ళతో నేలను పట్టుకుని నిలబడవచ్చు.

అట్లా వట్టికాళ్ళతో ఆడేవాళ్ళలో ఒకడు మా పివట్. మైపాడు దగ్గర చేపలు పట్టే పాళెం నుంచి వచ్చాడు. పివట్ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బుట్టకు వీపు పెట్టి నిలబడి, బంతి అందుకుని, ఒక కాలు నేలలో పాతినట్టు ఉంచి, దాని మీద గిర్రున తిరిగి బుట్టలో వేసేవాడు. మా వాడు ఎటు తిరుగుతాడో నాలుగేళ్ళు నేర్పిన నాకే తెలిసేది కాదు. మనిషి తాటిచెట్టంత పొడుగు. పుట్టినప్పటి నుంచి ఇసుకలో తిరిగిన పాదాలు, వేళ్ళు విచ్చుకుని వెడల్పుగా ఉండేవి. ఆ పాదాల మీద తిరుగుతుంటే ఎదుటి జట్టువాళ్ళు కూడా ఆట మరిచిపోయి చూసేవాళ్ళు.

వాడి తండ్రి సముద్రం మీద వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. తల్లి తల మీద గంప పెట్టుకుని ఇందుకూరుపేట దాకా నడిచి చేపలమ్మి వాణ్ణి చదివించింది. ఆమె పెట్టిన షరతు ఒకటే, కొడుకు సముద్రం మీదికి పోకూడదు. పాళెంలో పుట్టిన మగబిడ్డకు అది చిన్న షరతు కాదు. ఊళ్ళో తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. డిగ్రీ ఉన్నవాడికే దిక్కులేని రోజులు, వీడు డిగ్రీ గట్టెక్కుతాడన్న నమ్మకం కూడా మాకు లేదు. వాడికున్న దారల్లా ఆటే. యూనివర్సిటీ జట్టులో ఆడినవాళ్ళను పోలీసులోనో రైల్వేలోనో పిలిచి తీసుకునేవాళ్ళు, వాళ్ళకూ జట్లు కావాలి కాబట్టి. యూనివర్సిటీ జట్టువాళ్ళకిచ్చే కోటు ఒకటి వాడి ఒంటి మీదికి ఎక్కిస్తే నా పని అయిపోయినట్టే అనుకునేవాణ్ణి.

ఆ కోటు దగ్గరే ఉంది చిక్కంతా. ఆ జట్టుకు ఆటగాళ్ళను ఏరే సెలెక్టరు అన్ని మ్యాచులూ చూసేవాడు కాదు. ఒక్కసారి ఓడితే ఇంటికి పోయే నాకౌట్ టోర్నమెంటు ఆఖరి రోజున వచ్చి, సెమీఫైనల్సూ ఫైనలూ చూసి, పేర్లు రాసుకుని పోయేవాడు. అంటే ఏడాదంతా ఎట్లా ఆడారన్నది ఎవరికీ పట్టదు. ఆ ఒక్క రోజున ఆ కోర్టులో కనపడాలి.

మా లెక్కల లెక్చరరుకు ఇది నచ్చేది కాదు. సన్నగా, దగ్గుతూ ఉండే మనిషి, ఆటలంటే ఆయనకు ఆట్టే ఇష్టమూ లేదు, కానీ రోజూ సాయంత్రం గట్టు మీద కూర్చుని నాతో వాదించేవాడు. ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చి పరీక్ష పెట్టి, దానికి జవాబు రాసినవాడికి ఫస్టు క్లాసు ఇస్తారుటండీ ఎక్కడన్నా అనేవాడు. అందరూ అందరితో ఆడాలి, లీగ్ పెట్టాలి, అప్పుడు గాని ఎవరు మేలో తేలదు అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. పరీక్ష రోజున రాయలేనివాడు చదువుకున్నవాడెట్లా అవుతాడు, మ్యాచ్ రోజున ఆడలేనివాడు మంచి ఆటగాడెట్లా అవుతాడు అని గట్టిగానే అనేవాణ్ణి. అప్పట్లో నాకు అదే నమ్మకం. వయసు అటువంటిది.

ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి. దక్షిణం వైపు కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు, కోట దగ్గర పల్లెలో పుట్టిన క్రైస్తవుడు. మద్రాసులో ట్రైనింగులో నాకన్నా ఒక ఏడాది ముందు. ఆయన్ని అన్నా అనేవాణ్ణి, సొంత అన్నలాగే ఉండేవాడు. ఎద్దులాంటి శరీరం, ఆదివారం చర్చిలో పాటలు మొదలుపెట్టేది ఆయన గొంతే. ఆ ఏడాది వాళ్ళ జట్టూ మా జట్టూ అక్కడా ఇక్కడా ఫ్రెండ్లీ మ్యాచులు చాలా ఆడాయి. ఒకటి అరా తప్ప అన్నీ మేమే గెలిచాము. మీ వాణ్ణి ఒక్కణ్ణి నాకియ్యరా, కావాలంటే నన్ను తీసుకో అని నవ్వేవాడు. ఎవరి జట్టు మంచిదో మా ఇద్దరికీ తెలుసు. ఆ విషయంలో మా మధ్య తగాదా ఏనాడూ లేదు.

ఆ ఏడాది టోర్నమెంటు మా కాలేజీలో జరిగింది. క్లాసు రూముల్లో బెంచీలు కలిపి వచ్చిన జట్లను పడుకోబెట్టాము. ఓడినవాళ్ళు సాయంత్రం బస్సుకు మూట కట్టుకునేవాళ్ళు. ఆఖరి రోజు పొద్దున రెండు సెమీఫైనల్సు, సాయంత్రం ఫైనలు. ఇది మేము చేసిన ఏర్పాటు కాదు, అన్ని చోట్లా అదే పద్ధతి. జట్లకు ఇంకో రోజు తిండి పెట్టే స్తోమత ఏ కాలేజీకీ ఉండేది కాదు.

పొద్దున మా సెమీఫైనల్ సమమై, అదనపు టైము ఇచ్చి ఆడించాల్సి వచ్చింది. మా పిల్లలు గెలిచారు, గెలిచి నేల మీద చతికిలబడ్డారు. చీటీల్లో నేరుగా సెమీఫైనల్ పడి, ఆ పొద్దున వచ్చి అన్న జట్టుతో ఆడాల్సినవాళ్ళు అసలు రానేలేదు. ఎగువన పడిన వానకు దారిలో వాగు పొంగి వాళ్ళ బస్సు ఆగిపోయింది. అన్న జట్టు ఒక్క బంతి కూడా వెయ్యకుండా ఫైనల్లోకి వచ్చింది. వాళ్ళ పిల్లలు బట్టలు ఉతుక్కుని ఆరేసి, వేపచెట్టు కింద పడుకుని నిద్రపోయారు.

అన్నకు అది నచ్చలేదు. నన్ను వెంటబెట్టుకుని మా ప్రిన్సిపాలుగారి దగ్గరకు వచ్చి, ఫైనలు రేపు పొద్దున పెట్టండి సార్, అలిసిపోయిన పిల్లలతో ఆడి గెలిస్తే నాకు మర్యాద కాదు అన్నాడు. మా ప్రిన్సిపాలు చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు. ముఖ్య అతిథిగా వచ్చే పెద్ద ఆఫీసరు మర్నాటికి ఊళ్ళో ఉండడట. కప్పు ఎవరి చేతుల మీదుగా ఇస్తారు మరి అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

బయటికి వచ్చేసరికి సెలెక్టరు చేతికర్ర ఊపుకుంటూ కోర్టు పక్కన నిలబడి ఉన్నాడు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి, మాట సూటిగా ఉండేది. పివట్ బాగున్నాడు, నాకు కావాలి అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు. బయటి రాష్ట్రాల్లో మన మ్యాచులన్నీ సిమెంటు కోర్టుల మీద, వట్టికాళ్ళవాణ్ణి తీసుకుపోతే మధ్యాహ్నానికి అరికాళ్ళు ఊడి వస్తాయి, బూట్లతో ఆడగలడో లేదో నాకు తెలియాలి, సాయంత్రం బూట్లతో దించండి, చూస్తాను అన్నాడు. అన్యాయంగా అడిగాడని అనలేను. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి.

పిల్లలందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు బూట్లతో ఆడితే ఆట సగానికి పడిపోతుంది, కప్పు పోవచ్చు. వట్టికాళ్ళతో ఆడితే కప్పు రావచ్చు, వాడికి మాత్రం యూనివర్సిటీ లేదు. మా కెప్టెన్ ఇందుకూరుపేట రైతుబిడ్డ, నోరు దురుసు. ముందు వాడే అందుకున్నాడు.

"సార్, ఈడు బూట్లేసుకుంటే ఈ కప్పు మనది గాదు. ఇది రాసి పెట్టుకోండి."

పివట్ తల వంచుకుని, వేళ్ళతో మట్టి గీకుతూ కూర్చున్నాడు. నెమ్మదిగా అన్నాడు. "సార్, నేను సముద్రం మీదికి పోనని మాయమ్మకు మాటిచ్చుండాను. ఇంక నాకు వేరే దోవ యాడుండాది?"

కెప్టెన్ వాడి వంక తిరిగాడు. "ఏసుకోరా," అన్నాడు. "కప్పుదేముంది, ఇంకో ఏడాది వస్తాది."

నన్ను తప్పు పట్టేవాళ్ళు పట్టండి. జట్టును గెలిపించడం నీ ఉద్యోగం, ఒక పిల్లవాడి బతుకుతెరువు చూడటం కాదు అని తరవాత స్టాఫ్‌రూములో నా మొహానే అన్నారు. ఇప్పుడు అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. కప్పు ప్రిన్సిపాలుగారి గదిలో అద్దాల బీరువాలో ఉంటుంది. పిల్లవాడు ఊళ్ళో బతకాలి.

ఇంతకీ బూట్లు దొరకలేదు. టౌనులో ఉన్న రెండు మూడు షాపులకూ పిల్లల్ని పరిగెత్తించాను. ఆ వెడల్పు పాదం పట్టే బూటు ఎక్కడా లేదు. జట్టులో ఉన్నవాళ్ళవి మడమ కూడా దూరలేదు. అప్పుడు అన్న వచ్చాడు. విషయం ఆయన చెవిన పడింది. అరుగు మీద కూర్చుని, తన కాన్వాసు బూట్లు విప్పి వాడి ముందు పెట్టాడు. "ఏసుకో నాయనా, దేవుడు నీకు మేలు చేస్తాడు," అన్నాడు. అవి వాడికి సరిపోయాయి. ఫైనలంతా ఆ ఎద్దులాంటి మనిషి తన జట్టు పక్కన వట్టికాళ్ళతో నిలబడ్డాడు.

ముఖ్య అతిథి వస్తున్నాడని కోర్టుకు ఇంకోసారి నీళ్ళు చల్లించి రోలరు తొక్కించారు. చూడటానికి అద్దంలా ఉంది. మొదటి సగంలో మా వాడు కొత్తగా కాడి కట్టిన దూడలాగా ఆడాడు. బంతి అందుతోంది, తిరగబోతే పాదం వాడి మాట వినడం లేదు. జనం గోల పెట్టారు. మేము వెనకబడ్డాము. సగం ఆట అయ్యాక కెప్టెన్ వాడి దగ్గర కూర్చుని, ఆయన చూసింది చాల్లేరా, ఇప్పుడు తీసెయ్ అన్నాడు. వాడు సెలెక్టరు వైపు చూశాడు. సెలెక్టరు కాగితం మీద ఇంకా ఏమీ రాయలేదు. వాడు బూట్ల తాళ్ళు ఇంకా బిగించి కట్టుకున్నాడు.

రెండో సగంలో వాడికి ఆ బూట్లు లొంగాయి. నేను చూస్తుండగానే లొంగాయి. ఒకటి వేశాడు, రెండు వేశాడు, కెప్టెన్‌కు బంతి అందించి ఇంకొకటి వేయించాడు. మేము సమానమయ్యాము, ఒక పాయింటు దాటాము కూడా. సెలెక్టరు నా పక్కకు వచ్చి నిలబడి, పేరు చెప్పండి అన్నాడు. చెప్పాను. ఆయన రాసుకోవడానికి కలం తీశాడు. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. అది ఎంతసేపూ నిలవలేదు.

వాడు బంతి అందుకున్నాడు. ఎప్పుడూ తిరిగేలాగే తిరిగాడు. వట్టిపాదమైతే మట్టి మీద తనూ తిరిగేది. రబ్బరు అడుగు తడి మట్టిని పట్టుకుని వదలలేదు. ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు. మోకాలు టప్పుమన్న చప్పుడు గట్టు మీద కూర్చున్న లెక్కల లెక్చరరుకు కూడా వినిపించిందట. వాడు అరవలేదు. నేల మీద కూర్చుని, మోకాలిని రెండు చేతులతో పట్టుకుని, అది తనది కానట్టు చూశాడు.

వాణ్ణి మోసుకుపోయాక మిగిలిన ఆట జరిగింది. జరగక ఏం చేస్తుంది, అతిథి కూర్చుని ఉన్నాడు. మా పిల్లలు ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయారు. ఆఫీసరు ఉత్తమమైన జట్టుకే విజయం దక్కిందని ఉపన్యాసమిచ్చి అన్న జట్టుకు కప్పు అందించాడు. సెలెక్టరు అన్న జట్టులో ఇద్దరి పేర్లు రాసుకుని, నా భుజం తట్టి, రైలుకు వెళ్ళిపోయాడు. మా వాడి పేరు సగం రాసి ఆపేశాడో, అసలు రాయలేదో నాకు తెలియదు.

మోకాలు ఎక్స్‌రేలో బాగానే ఉందన్నారు, ఎముక విరగలేదు కాబట్టి. ఎముక విరిగితే కట్టు కట్టేవాళ్ళు మన వైపు కావలసినంత మంది ఉన్నారు. విరగని మోకాలికి ఎవరి దగ్గరా మందు లేదు. ఆకులు కట్టారు, నూనెలు రాశారు. వాపు తగ్గింది, కాలు మాత్రం నిలవలేదు. పరిగెత్తితే మోకాలు పక్కకు జారిపోయేది. స్టాఫ్‌రూములో కర్ణుడి చావుకు కారణాలనేకం అన్నట్టు ఒక్కొక్కరు ఒక్కటి చెప్పారు. సెమీఫైనల్ అలసట అన్నారు, నీళ్ళెక్కువ చల్లారన్నారు, చీటీల్లో వచ్చిన అదృష్టం అన్నారు. మేము బూట్ల సంగతి ఎత్తితే, ఆడలేక మద్దెల ఓడన్నాడట అని నవ్వినవాళ్ళూ ఉన్నారు. లెక్కల లెక్చరరు మాత్రం లీగ్ గురించి ఒక్క మాట కూడా అనలేదు. తను చెప్పిందే నిజమైందని చూపించుకోవచ్చు, ఆ మనిషి చూపించుకోలేదు. ఆ తరవాత ఎప్పుడూ నాతో వాదించనేలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

వాడు పరీక్ష తప్పాడు. మరుసటి ఏడాది కాలేజీకి రాలేదు.

కొన్నేళ్ళకు అన్నా నేనూ మైపాడు బస్సెక్కాము. అన్నే పట్టుబట్టాడు. నా బూట్లిచ్చి వాడి కాలు నేనే తీసినాను, ఒకసారి మొహం చూసి రావాల అన్నాడు. అప్పటికి ఆయన ఆ మాట నాకు చాలాసార్లు రాశాడు. నేను కాదని చాలాసార్లు జవాబు రాశాను. ఇద్దరం ఒకరినొకరు నమ్మించలేకపోయాము.

వాడు ఇంటి ముందు నీడలో కాళ్ళు చాపుకుని వల బాగు చేస్తున్నాడు. పాళెంలో ఆ పని ముసలివాళ్ళది, కాళ్ళు చేతులు పోయినవాళ్ళది. పడవను అలల్లోకి నెట్టాలంటే మోకాళ్ళలో సత్తువ ఉండాలి. తల్లికిచ్చిన మాట ఆ విధంగా నిలబెట్టాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, అన్న గబగబా వెళ్ళి భుజాలు పట్టి కూర్చోబెట్టాడు. ఇద్దరూ కప్పు గురించి మాట్లాడుకోలేదు. వానల గురించి, ఆ ఏడాది చేపలు పడని సంగతి గురించి మాట్లాడుకున్నారు.

తల్లి ఎండుచేపలు తిరగేస్తూ మా వంక చూస్తోంది. మేమెవరమో నేనే చెప్పాను. నేను మీ వాడి కాలేజీ సారును, ఈయన ఆ రోజు గెలిచిన జట్టు సారు అన్నాను. ఆమె చేతిలో పని ఆగిపోయింది. నా బిడ్డ సరిగ్గా ఆడలేదని, అందుకే ఉద్యోగం రాలేదని ఊళ్ళో అంటారయ్యా, నిజమేనా అని అడిగింది. ఇన్నేళ్ళూ ఆమె మోసినది అదీ. కాలు పోవడం ఒకటైతే, చేతగానివాడన్న మాట ఇంకొకటి.

అన్న ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "లేదమ్మా. నా పిల్లకాయలకంటే నీ కొడుకే మేలు. ఆ ఏడంతా మమ్మల్ని ఓడించింది వీళ్ళే. ఇది నేను చెప్తుండాను, గెలిచినోణ్ణి."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు, నిజంగా తెలియక అడిగింది.

"మరి కప్పు మీకెందుకిచ్చినారయ్యా?"

మా ఇద్దరి చదువూ ఉద్యోగమూ ఆటలే. జవాబు మాత్రం వాడు చెప్పాడు, వల మీద నుంచి తల ఎత్తకుండానే.

"ఆ రోజు వాళ్ళు గెలిచినారమ్మా. ఆ రోజు గెలిచినోళ్ళకే ఇస్తారు."

"ఆ ఒక్క రోజేనా లెక్క?" అంది ఆమె. "మిగతా దినాలు మీరు ఆడింది ఎవురూ చూళ్ళేదా?"

ఆ సంవత్సరం టోర్నమెంటు మళ్ళీ మా కాలేజీ వంతుకే వచ్చింది. లీగ్ పెడదామని కమిటీలో నేనే లేచి అడిగాను. అన్న నన్ను బలపరిచాడు. రోజులు చాలవు, జట్లకు తిండి పెట్టలేము అన్నారు. అది అబద్ధమేమీ కాదు. మళ్ళీ నాకౌటే పెట్టాము, సెలెక్టరు మళ్ళీ ఆఖరి రోజునే వచ్చాడు.